మానేసిన మనిషిని మళ్ళీ లాగేదేమిటి?

ఈ వారం ఒక్క ఉత్తరానికే సమాధానం రాస్తున్నాను. మోకాళ్ళ నొప్పుల గురించీ, పిల్లల దగ్గుల గురించీ రాసిన పాఠకులు వచ్చే వారం దాకా ఓపిక పట్టాలి.

ఉత్తరం రాసినావిడ ఒక చిన్న పట్నంలో వుంటున్న గృహిణి. పేరూ వూరూ వేయవద్దన్నారు. వేయడం లేదు. నాలుగు పేజీల ఉత్తరంలో ముఖ్యమైన భాగం ఇది:

"మావారికి పన్నెండేళ్ళుగా తాగుడు. సంక్రాంతి వెళ్ళాక పచ్చకామెర్లు వచ్చి పద్దెనిమిది రోజులు ఆసుపత్రిలో వున్నారు. ఇక ముడితే బతకరని డాక్టర్లు చెప్పారు. ఇంటికి వచ్చాక నాలుగు నెలల పది రోజులు చుక్క ముట్టలేదు. ఆ వాసన తలుచుకుంటేనే కడుపులో తిప్పుతోందనేవారు. పిల్లలకి లెక్కలు చెప్పేవారు. పోయిన నెల స్కూటరు రిపేరుకి ఇచ్చి ఆఫీసు నించి బస్సులో వచ్చారు. పాత బస్టాండులో దిగారు. ఇంటికి వచ్చేసరికి రాత్రి పదకొండు. ఎలా వచ్చారో రాయలేను. వారం రోజులు మళ్ళీ మామూలే. ఇప్పుడు మానేశానంటున్నారు గానీ నా మొహంకేసి చూడడం లేదు. నాలుగు నెలలు నాతో నాటకమాడారా, డాక్టరుగారూ? ఆ సీసా ముందు నేనూ పిల్లలూ ఏమీ కామా? మా పక్కింటావిడ ఏదో మాత్ర వుందంటోంది. పప్పులోనో మజ్జిగలోనో తెలియకుండా కలిపి పెడితే తాగుడు మానేస్తారట. దయచేసి ఆ మాత్ర పేరు రాయండి."

అమ్మా, ఆ మాత్ర పేరు రాయను. ఎందుకు రాయనో తరవాత చెబుతాను. ఎవరైనా మీకు తెచ్చి ఇస్తే మాత్రం కలపకండి. ముందు ఈ ఒక్క మాట పట్టుకుని మిగతాది చదవండి.

ఇక మొదటి ప్రశ్న. మీవారు నాటకమాడలేదు. వాసన పడటం లేదని ఆయన చెప్పింది నిజం. పాత బస్టాండులో దిగాక ఆ కొట్టు మెట్లెక్కిందీ నిజం. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇముడుతాయో తెలియాలంటే ఒక చిన్న పరీక్ష చేద్దాం. మీరు కూర్చున్నచోటనే చేయవచ్చు.

బాగా పుల్లటి మామిడికాయ ఒకటి. తొక్క తీయకుండా నాలుగు బద్దలు కోశారు. ఉప్పూ కారం కలిపి అద్దారు. ఒక బద్ద తీసి పంటి కింద పెట్టుకున్నారు.

నోట్లో నీళ్ళూరాయా? ఊరే వుంటాయి. ఇక్కడ మామిడికాయ లేదు గదా. కాగితం మీద నాలుగు అక్షరాలున్నాయి, అంతే. ఊరమని మీరు చెప్పలేదు. ఊరవద్దని గట్టిగా అనుకుని మళ్ళీ చదవండి, మళ్ళీ ఊరుతుంది. మామిడికాయ ఎన్నడూ రుచి చూడని వాడెవడికైనా ఇదే చదివి వినిపిస్తే ఏమీ కాదు. మీకు చిన్నప్పటి నించీ తిన్న అలవాటు వుంది. ఆ అలవాటు నోట్లో లేదు, మెదడులో వుంది.

రష్యాలో పావ్లోవ్ అనే డాక్టరు కుక్కల మీద చేసిన పరిశోధన మీలో చాలామంది హైస్కూల్లో చదివే వుంటారు. ఆయన అసలు పని జీర్ణరసాల గురించి. దానికే 1904లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ పనిలో వుండగా ఆయన గమనించిందేమిటంటే, తిండి నోటికి అందకముందే, తిండి తెచ్చే మనిషి అలికిడికే కుక్కల నోట్లో లాలాజలం ఊరుతోంది. తరవాత కావాలని ఒక చప్పుడు వినిపించి తిండి పెడుతూ వచ్చారు. కొన్నాళ్ళకి చప్పుడొక్కటే చాలింది. ఇంతవరకు అందరికీ తెలుసు. పుస్తకాల్లో చివరి పేరాలో వుండి మనం చదవకుండా వదిలేసే సంగతి ఇంకొకటుంది. చప్పుడు మాత్రం చేసి తిండి పెట్టడం మానేస్తే, కొంతకాలానికి లాలాజలం ఊరడం ఆగిపోయింది. అలవాటు పోయిందనుకున్నారు. కొంత విరామమిచ్చి మళ్ళీ అదే చప్పుడు వినిపిస్తే, మళ్ళీ ఊరింది! అంటే అలవాటు చెరిగిపోలేదు. అణిగి వుంది, అంతే. అమ్మా, మీ నాలుగు నెలల పది రోజులు ఈ విరామం వంటివి.

తాగుడుకి బానిసైన మనిషికి ఇలాంటి చప్పుళ్ళు ఒకటి కాదు, వంద. సీసా మూత తిప్పినప్పుడు వచ్చే చిన్న చిటుక్కు. సోడా బుస్సుమనడం. స్టీలు గ్లాసు. మిక్చరు పొట్లం విప్పుతున్న చప్పుడు. చేపల వేపుడు వాసన. సాయంత్రం ఆరు గంటలు. శనివారం. వాన. "కూర్చుందామా?" అన్న ఒక్క మాట. మనలో ఆ మాటకి కుర్చీలో కూర్చోవడమన్న అర్థం ఎప్పుడో పోయింది. ఇప్పుడు జీతాలు బ్యాంకులో పడుతున్నాయి కనుక, ఒకటో తారీకున ఫోను టింగుమనడం కూడా అలాంటి గుర్తే అయిపోయింది. వీటన్నిటినీ నేను గుర్తులంటాను. వీటితో పాటు పైకి కనపడనివి కొన్ని వున్నాయి: కోపం, అవమానం, ఒంటరితనం. ఆశ్చర్యమేమిటంటే సంతోషం కూడా. ప్రమోషన్ వచ్చిన రోజున పడిపోయిన వాళ్ళని చూశాను.

ఈ గుర్తులు అందరికీ ఒకటి కావు. మా ఆసుపత్రికి వచ్చే ఒక మోటారు మెకానిక్కు సంగతి చెబుతాను. అతనికి బ్రాందీ షాపు ముందు నించి వెళ్ళినా ఏమీ అనిపించదు. సాయంత్రం పని ముగించి చేతులకంటిన గ్రీజు వదలడానికి సబ్బు పొడి వేసి రుద్దుకుంటాడే, ఆ సబ్బు వాసన తగలగానే గొంతు తడారిపోయి చేతివేళ్ళు సన్నగా వణకడం మొదలుపెడతాయి. పదిహేనేళ్ళపాటు ఆ చేతులు కడుక్కున్న పది నిమిషాల్లోనే మొదటి పెగ్గు పడేది మరి! ఈ సంగతి అతనికే తెలియదు. చాలాసేపు కూర్చోబెట్టి సాయంత్రం ఒక్కొక్క పనీ వరసగా చెప్పమంటే బయటపడింది. సబ్బు మార్చి, ఇంటికి వచ్చి కడుక్కోమన్నాను. ఇంత చిన్న సలహాకి డాక్టరు ఎందుకని అతని అన్నగారు నా ఎదుటే నవ్వారు.

గుర్తు ఎదురుపడినప్పుడు ఒంట్లో ఏమవుతుందో కొలిచి చూసినవాళ్ళున్నారు. తాగుడు వ్యసనమున్నవాళ్ళకి తమకిష్టమైన మద్యాన్ని చూపించి, వాసన మాత్రం చూడనిస్తే, మామూలు వాళ్ళ కంటే వాళ్ళకి లాలాజలం ఎక్కువగా ఊరుతుందని 1987లో అమెరికాలో ప్రచురించిన పరిశోధనలో తేలింది. కొందరికి గుండె కొట్టుకోవడం కాస్త పెరుగుతుంది, చేతులు చెమర్చుతాయి. ఈ మార్పులు పెద్దవేమీ కావు. గుండెపరీక్షలో పట్టుకునేంత వుండకపోవచ్చు. లోపల యావ మాత్రం పెద్దది. అందుకే పక్కనున్నవాళ్ళకి ఏమీ తెలియదు. మనిషి మామూలుగా నిలబడే వుంటాడు.

దీనికంటే విచిత్రమైనది ఇంకొకటుంది. అమెరికాలో కెంటకీ రాష్ట్రంలో లెక్సింగ్టన్ అనే వూళ్ళో మత్తుమందు వ్యసనపరుల కోసం ప్రభుత్వం నడిపిన ఆసుపత్రిలో వికలర్ అనే డాక్టరు 1940లలో గమనించారు. నల్లమందు జాతి మందులు మానేసి, ఒంట్లోంచి మత్తు పూర్తిగా పోయిన రోగులు, పదిమందీ కూర్చుని ఆ మందుల గురించి కబుర్లు చెప్పుకుంటూంటే ఆవలింతలు మొదలయ్యేవి, కళ్ళూ ముక్కూ కారేవి. అవి మందు దొరకనప్పుడు వచ్చే బాధలు! మందు వస్తోందని అనుకున్న శరీరం, దాన్ని తట్టుకోవడానికి ఎదురు ఏర్పాట్లు ముందే మొదలుపెడుతుందన్నమాట. మందు రాకపోతే ఆ ఏర్పాట్లే బాధలవుతాయి. మా మెకానిక్కు వేళ్ళ వణుకు ఇటువంటిదే కావచ్చు. "ఒక్క పెగ్గు పడితే సర్దుకుంటుంది" అని తాగేవాళ్ళు అనే మాట సాకు కాదు. వాళ్ళకి నిజంగా అలాగే అనిపిస్తుంది.

ఇక మెదడు సంగతి. మన మెదడులో డోపమిన్ అనే రసాయనం వుంది. దీన్ని సుఖాన్నిచ్చే పదార్థమని పత్రికలు రాస్తూంటాయి. అది సగం నిజం. స్విట్జర్లాండులో షుల్ట్జ్ అనే శాస్త్రజ్ఞుడు కోతులకి పళ్ళరసం చుక్కలు ఇస్తూ మెదడులోని ఆ కణాలను గమనించారు. మొదట్లో రసం నోట్లో పడ్డప్పుడు ఆ కణాలు చురుగ్గా పనిచేశాయి. రసానికి ముందు ఒక దీపం వెలిగించడం అలవాటు చేశాక, కణాల హడావుడంతా దీపం వెలిగినప్పుడే! రసం వచ్చేసరికి మామూలుగా వున్నాయి. ఈ ఫలితాలు 1990లలో వచ్చాయి. మిచిగన్ విశ్వవిద్యాలయంలో బెరిడ్జ్ అనే మరో పరిశోధకుడు దీన్నే ఇంకోవైపు నించి చూసి, ఒక వస్తువు ఇష్టం కావడం వేరు, కావాలనిపించడం వేరు, ఈ రెంటికీ మెదడులో దారులే వేరని చూపించారు.

అమ్మా, మీ ప్రశ్నకి జవాబు ఇక్కడుంది. మామూలుగా మనకి ఇష్టమైనదే కావాలనిపిస్తుంది. వ్యసనంలో ఈ రెండూ విడిపోతాయి. ఇష్టం చచ్చిపోతుంది, యావ బతికే వుంటుంది. మీవారికి మద్యం మీద ఇష్టం లేదు. వాసన కడుపులో తిప్పుతోంది. కానీ పాత బస్టాండు, ఆ కొట్టు ముందు పసుపు రంగు బల్బు, సాయంత్రపు వేళ, జేబులో డబ్బు, వీటన్నిటికీ అలవాటుపడ్డ యావని ఎవరూ అడగలేదు, మానిపించలేదు. మీరూ పిల్లలూ ఆయనకి ఏమీ కాకపోవడం కాదు. యావ లేచినప్పుడు అది మిమ్మల్ని సీసాతో తూకం వేయదు. దానికి తూకమే తెలియదు.

ఇంత చెప్పాక "అయితే ఆయన తప్పేమీ లేదంటారా?" అని మీరు అడగవచ్చు. అనను. యావ లేవడం ఆయన చేతిలో లేదు. పాత బస్టాండులో దిగడం చేతిలో వుంది. దిగితే ఏమవుతుందో ఆయనకి ఎవరూ ముందే చెప్పలేదు, అది మా డాక్టర్ల తప్పు.

ఆ తప్పు నేనూ చేశాను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు మొదలుపెట్టిన సారా వ్యతిరేక పోరాటం రాష్ట్రమంతా పాకడం, 1993 అక్టోబరు ఒకటి నించి సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం రావడం నా వయసు వాళ్ళకి గుర్తే. అప్పుడు నేను కొత్తగా ఒక పల్లెటూరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చేరాను. అక్కడొక చేనేత కార్మికుడు. సారా పాకెట్లు వూళ్ళో గుమ్మం ముందుకే వచ్చే రోజుల్లో లివరు పాడుచేసుకున్నవాడు. నిషేధం వచ్చాక మానేశాడు. నిషేధకాలంలో దొంగసారా దొరకలేదని కాదు, కానీ ఇతని దారిలో కొట్టు లేదు. ఒళ్ళు చేశాడు, రెండో మగ్గం పెట్టాడు. నా వైద్యం వల్లనే ఇదంతా జరిగిందని నేను నలుగురితో చెప్పుకున్నాను కూడా.

1997లో నిషేధం ఎత్తేశారు. ఒకరోజు అతను ఓపీ చీటీ తీసుకోకుండా లోపలికి వచ్చి, "బాబూ, నూలు షావుకారు కొట్టుకి ఎదురుగా పెట్టారండి. శనివారం శనివారం కూలి డబ్బులు అక్కడే తీసుకోవాలి. ఏం చేయమంటారు?" అన్నాడు. నేను, "ఏడాది పైగా మానినవాడివి, ఇంకా భయమేమిటయ్యా? మనసు గట్టిచేసుకో" అని చెప్పి, బీ కాంప్లెక్సు మాత్రలు రాసిచ్చి పంపాను. ఆ తరవాత రెండేళ్ళకి రక్తం కక్కుకుంటుంటే ఎడ్లబండి మీద తెచ్చారు. నేను చెయ్యి పట్టుకునేసరికే నాడి లేదు.

అతను అడిగినది సరైన ప్రశ్న. నేను దానికి జవాబు చెప్పలేదు. "శనివారం కూలి నువ్వు తెచ్చుకోకు, నీ భార్యని పంపు, అది కుదరకపోతే పొద్దున్న కొట్టు తెరవకముందే వెళ్ళి తెచ్చుకో" అని చెప్పడానికి వైద్యశాస్త్రం అక్కరలేదు. దూబగుంట ఆడవాళ్ళకి తెలిసిన సంగతి మెడికల్ కాలేజీలో చదివిన నాకు తెలియలేదు. వాళ్ళు మొగుళ్ళకి నీతులు చెబుతూ కూర్చోలేదు. కొట్టునే వూళ్ళోంచి తరిమారు.

చోటు మారితే యావ ఎంత మారుతుందో చెప్పే పెద్ద ఉదాహరణ వియత్నాం యుద్ధం. అక్కడ అమెరికన్ సైనికులు చాలామంది హెరాయిన్‌కి అలవాటుపడ్డారు. 1971లో తిరిగి వెళుతుంటే వీళ్ళందరినీ దేశం ఎలా భరిస్తుందని గగ్గోలు పుట్టింది. లీ రాబిన్స్ అనే ఆవిడ వాళ్ళను వెతికి పట్టుకుని పరీక్షిస్తే, అక్కడ బానిసలైనవాళ్ళలో ఇంటికెళ్ళిన మొదటి ఏడాది మళ్ళీ బానిసలైనవాళ్ళు నూటికి అయిదుగురు మాత్రమే. గుర్తులన్నీ వియత్నాంలో వుండిపోయాయి. దీనికి ఇతర కారణాలూ వున్నాయి, కాదనను. మన రోగుల పరిస్థితి సరిగ్గా దీనికి తలకిందులు. ఆసుపత్రిలో వున్న పద్దెనిమిది రోజులే వాళ్ళకి వేరే దేశం. డిశ్చార్జి చేసి మేము పంపేది గుర్తులన్నీ కాచుకుని వున్న వూరికే. ఆసుపత్రిలో యావ లేదు కనుక జబ్బు పోయిందని రోగీ అనుకుంటాడు, ఇంటిల్లిపాదీ అనుకుంటారు.

ఇక చేయవలసిన పనులు. ఇవి మీకొక్కరికే కాదు, ఇలాంటి బాధ వున్న ఇళ్ళన్నిటికీ.

మీవారు ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోవాలి. తాగాలనిపించిన ప్రతిసారీ వేళ, చోటు, పక్కనెవరున్నారు, అంతకు ముందు ఏం జరిగింది అన్నది రెండు ముక్కల్లో రాసుకోవాలి. రెండు మూడు వారాలకి అసలు గుర్తులేవో బయటపడతాయి. ఈ బుక్కు మీరు తీసి చదవకూడదు. చదువుతారని తెలిస్తే రాయడు.

తెలిసిన గుర్తులకి దూరంగా వుండడం మొదటి ఆరు నెలలైనా తప్పదు. దారి మార్చాలి. స్కూటరు లేని రోజున ఏ బస్సెక్కాలో, ఎక్కడ దిగాలో ముందే నిర్ణయించి వుంచాలి. ఇంట్లో ఖాళీ సీసా కూడా వుండకూడదు. మంచినీళ్ళకి వాడుకుంటున్నామని, మనీప్లాంటు పెట్టామని చెప్పేవాళ్ళున్నారు. తీసి పారేయండి. ఆయన వాడిన గ్లాసు కూడా. పాత స్నేహితుల వాట్సాప్ గ్రూపులోంచి బయటికి రావాలి. పెళ్ళిళ్ళకి వెళితే పగలు వెళ్ళి, భోజనం కాగానే వచ్చేయాలి. మద్యం లేని బీరు అంటూ కొత్తగా అమ్ముతున్నారు. అందులో మద్యం లేకపోవచ్చు, కానీ సీసా వుంది, నురగ వుంది, రుచి వుంది. గుర్తులన్నీ వున్నాయన్నమాట. మానేసినవాళ్ళకి అది పనికిరాదు.

సాయంత్రం ఆకలితో వుండకూడదు. ఆరు గంటలకి కడుపు నిండా ఏదైనా పెట్టండి, ఇడ్లీయో ఉప్మాయో. ఆకలి, నిద్రలేమి, కోపం యావకి ఎరువులు.

ఎంత జాగ్రత్తపడ్డా యావ లేస్తుంది. లేచినప్పుడు దానితో కుస్తీ పట్టకూడదు. అది అలలాంటిది. పెరుగుతుంది, ఒక శిఖరానికి వస్తుంది, తగ్గుతుంది. చాలామందికి పావుగంట నించి అరగంట. ఆ అరగంట గడిచేలా చేయడమే పని. చోటు వదిలి నడవాలి, చల్లటి నీళ్ళు తాగాలి, ఎవరికైనా ఫోను చేసి "నాకిప్పుడు తాగాలనిపిస్తోంది" అని పైకి చెప్పాలి. తాగకుండా గడిపిన ప్రతి అలా తరవాతి అలని కొంచెం చిన్నది చేస్తుంది. కావాలని బ్రాందీ షాపు ముందుకెళ్ళి నిలబడి తన నిగ్రహాన్ని పరీక్షించుకునే వీరులు కొందరుంటారు. ఆ పని చేయకూడదు. నిపుణుల ఎదుట సీసా చూపించి యావ తగ్గించే చికిత్స ఒకటుంది గానీ, ఆసుపత్రి గదిలో తగ్గిన యావ బజారులో మళ్ళీ లేవడం మామూలు కనుక, దాని ఫలితం అనుకున్నంత లేదు.

ఇంట్లోవాళ్ళ గురించి ఒక మాట. తప్పు మీదని అనడం లేదు, పన్నెండేళ్ళు పడ్డవారు మీరు. అయితే ఆయన గుమ్మంలో కాలుపెట్టగానే దగ్గరికొచ్చి వాసన చూడడం, "నిజం చెప్పండి" అని నిలదీయడం కూడా గుర్తులే. పూర్వం ఆ గొడవ జరిగిన వెంటనే చొక్కా వేసుకుని బయటికెళ్ళేవారు గదా. ఆ పాత బాట మెదడులో వుంది. అడగవలసింది పొద్దున్న కాఫీ వేళ అడగండి.

ఒకసారి తప్పితే అంతా అయిపోయినట్టేనా? 1973లో మార్లాట్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు వ్యసనపరులతో ఒక ప్రయోగం చేశారు. కొందరికి వోడ్కా అని చెప్పి ఉత్త టానిక్ నీళ్ళిచ్చారు. కొందరికి టానిక్ నీళ్ళని చెప్పి వోడ్కా కలిపి ఇచ్చారు. వోడ్కా అనుకున్నవాళ్ళే ఎక్కువ తాగారు, గ్లాసులో ఏదున్నా సరే! మొదటి గుక్కతో మనిషి చేయి దాటిపోయేది మద్యం ఒక్కదానివల్లనే కాదు, "మళ్ళీ మొదలెట్టేశాను" అన్న తలంపు వల్ల కూడానన్నమాట. "ఎలాగూ మాట తప్పాను, ఇంక ఎంత తాగితే ఏం?" అనే నిస్పృహ ఒక్క సాయంత్రాన్ని వారం రోజులు చేస్తుంది. మీవారికి జరిగింది అదే. ఆయన మీ మొహంకేసి చూడకపోవడమూ అదే. ఆ నాలుగు నెలల పది రోజులూ లెక్కలోంచి పోలేదని ఆయనకి చెప్పండి. చెప్పడం మీకు కష్టమని తెలుసు.

ఇప్పుడు ఆ మాత్ర సంగతి. అది దొంగమందు కాదు. నులిపురుగులకి పనికొస్తుందేమోనని పరీక్షిస్తూ తామే మింగిన ఇద్దరు డెన్మార్కు పరిశోధకులు, మద్యం తాగగానే జబ్బుపడి దాని గుణం కనిపెట్టారు. 1948 నించి వాడుకలో వుంది. దాని మీద వున్నప్పుడు మద్యం తాగితే మొహం ఎర్రబడి, తలపోటు, వాంతులు, గుండెదడ వస్తాయి, రక్తపోటు పడిపోతుంది. ప్రాణం పోయినవాళ్ళూ వున్నారు. చివరి మాత్ర వేసుకున్న తరవాత రెండు వారాల దాకా ఆ ప్రమాదం వుండవచ్చు. అందువల్ల మనిషికి తెలిసి, ఒప్పుకుని, పరీక్షలు చేయించుకుని మాత్రమే వేసుకోవాలి. గుండెజబ్బు వున్నవాళ్ళకి కూడదు. లివరుకి కూడా హాని చేయగలదు. పచ్చకామెర్లు వచ్చిన మనిషికి మజ్జిగలో కలిపి ఇవ్వడమంటే ఏమిటో ఆలోచించండి. పులుసులో కలిపి పెట్టిన ఒక ఇల్లాలు, బీపీ అందని స్థితిలో భర్తని ఆటోలో వేసుకుని మా క్యాజువాలిటీకి వచ్చింది. అతను బతికాడు. కానీ ఏం కలిపావో చెప్పమంటే భయపడి గంటసేపు చెప్పలేదు, ఆ గంట మాకు ఎంత కష్టమైందో నాకు తెలుసు. బతికినవాడు మళ్ళీ ఆవిడ చేతి అన్నం తినలేదు.

యావనే తగ్గించే మందులు వేరే వున్నాయి. నాల్ట్రెక్సోన్ అనేది తాగుడులోని ఆనందాన్ని మొద్దుబారుస్తుంది. అకాంప్రోసేట్ అనేది మానినవాళ్ళు మానినట్టే వుండడానికి తోడ్పడుతుంది. ఇవి మంత్రాలు కావు. అందరికీ పనిచేయవు, కానీ పనిచేసిన వాళ్ళలో తేడా స్పష్టంగా వుంటుంది. లివరు దెబ్బతిన్నవాళ్ళకి రెండోది మేలు, అయితే మూత్రపిండాలు బాగుండాలి. ఏది ఇవ్వాలో, ఇవ్వవచ్చో లేదో పరీక్షలు చూసి మానసిక వైద్యులు నిర్ణయిస్తారు. మందుల షాపులో అడిగి కొనవద్దు.

ఇంకొక హెచ్చరిక. రోజూ తాగే మనిషి పట్టుదల కొద్దీ ఒక్కసారిగా మానేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నించి నాలుగో రోజు లోపల మతిచెదిరి, లేనివి కనిపిస్తున్నాయని కేకలు పెట్టడం, ఒళ్ళంతా వణకడం, చెమటలు పట్టడం జరగవచ్చు. దయ్యం పట్టిందని తిప్పకండి. అది ప్రాణాపాయం, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. బీ1 విటమిన్ ఇంజక్షను ఇవ్వకుండా గ్లూకోజు సీసా ఎక్కిస్తే మెదడుకి దెబ్బ తగిలే ప్రమాదం వుంది. కనుక వీధి చివర ఆర్.ఎం.పి. దగ్గర సెలైను పెట్టించి సరిపెట్టుకోవద్దు, తాగుడు అలవాటు సంగతి డాక్టరుకి దాచవద్దు.

దేశంలో మద్యానికి బానిసలైనవాళ్ళు సుమారు 2 కోట్ల 90 లక్షల మంది అని 2019లో కేంద్రప్రభుత్వం వెలువరించిన సర్వే చెప్పింది. కనుక మానసిక వైద్య విభాగం ముందు కూర్చోవడానికి సిగ్గుపడవద్దని మీవారికి చెప్పండి. వరసలో ఆయన ఒక్కరే వుండరు. ఫోనులో మాట్లాడాలంటే 14416 టెలీ మానస్, 14446 వ్యసన విముక్తి హెల్ప్‌లైను, రెండూ ఉచితమే.

అమ్మా, వచ్చే ఒకటో తారీకు లోపల ఆయన్ని జిల్లా ఆసుపత్రి మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్ళండి. డిశ్చార్జి కాగితాలు, లివరు రక్తపరీక్షల రిపోర్టులు పట్టుకెళ్ళండి. ఈ నెల జీతం సంగతి వెళ్ళేముందే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. ఏటీఎం కార్డు ఎవరి దగ్గర వుండాలో ఆయన నోటితో ఆయన్నే చెప్పనివ్వండి. పొద్దున్న బస్సుకి వెళ్ళి మధ్యాహ్నం లోపల తిరిగి రండి. వచ్చేటప్పుడు పాత బస్టాండులో కాకుండా ముందు స్టాపులోనే దిగండి, రెండు ఫర్లాంగులు నడవాల్సి వచ్చినా సరే.